కొంగ పంతులమ్మ వేసిన మార్కులు

ఒక పెద్ద అడవిలో, మరీ అంత పెద్దదేం కాదు లెండి, దాని సభ మాత్రం చాలా పెద్దది, ఒక కొంగ ఉండేది. మడుగు ఒడ్డున ఒంటికాలి మీద నిలబడి రోజంతా సభ జరిగే తీరు చూసేది. చూసినవాళ్లు చేప కోసం అనుకునేవారు. ఆవిడ మాత్రం పరిశోధన అనేది. అందుకే అందరూ పంతులమ్మా అని పిలిచేవారు.

నిజానికి ఆ సభలో చూడ్డానికేం లేదు. అధ్యక్షత వహించే ఎలుగుబంటి కునికిపాట్లు పడేది. అడవిపంది అరిచేది. ఎవరరిచినా నక్క తలూపేది. ముసలి దుప్పి తాత ఒక్కడే తన జన్మలో ఒక చట్టం చేయించాడు. ఎండాకాలంలో పిల్లలు తాగాకే పెద్దలు మడుగులో దిగాలి, అంతే ఆ చట్టం. దానికోసం ఆయన మంద మందకూ తిరిగి, దున్నపోతుల కాళ్లావేళ్లా పడి, ఒప్పించేసరికి కొమ్ములు అరిగిపోయాయి.

సభ బద్ధకం చూస్తే కొంగకు ఒళ్లు మండేది. ఎవరు పని చేస్తున్నారో, ఎవరు పొద్దుపుచ్చుతున్నారో తేల్చాలనుకుంది. చట్టానికో మార్కు చొప్పున వేసి, ప్రతి పున్నమికీ బండ మీద నిలబడి అందరి మార్కులూ వినిపించడం మొదలుపెట్టింది.

మొదటి పున్నమికి దుప్పి తాతకు ఒకటి వచ్చింది, తక్కినవాళ్లందరికీ సున్నా. కోతులు ఈలలు వేశాయి. నక్క ఇంటికి వెళ్తే పెళ్లాం కూడా "సున్నాగారు వచ్చారు" అందట.

నక్క ఊరుకునే రకమా? తీరిగ్గా ఆలోచించి చట్టం చేయడం కష్టం. పక్క అడవిలో చేసిపెట్టినది తెచ్చుకోవడం తేలిక. కాకిని పంపింది. కాకి ఏది చెవినబడితే అది మోసుకొచ్చింది. మచ్చుకి ఒకటి: "అలలు ఎగసిపడే రోజుల్లో ఇసుకతిన్నెల మీద ఎవరూ గుడ్లు పెట్టరాదు." ఆ అడవిలో సముద్రం చూసినవాళ్లు లేరు. అయినా చట్టం నెగ్గింది, నక్కకు మార్కు పడింది.

"మనకి అలలెక్కడివిరా?" అన్నాడు దుప్పి తాత.

"వచ్చాక చేస్తే ఆలస్యమైపోదూ తాతా?" అంది నక్క.

కొంగకు మాత్రం పట్టరాని సంతోషం వేసింది. ఒక అడవి చట్టం ఇంకో అడవికి పాకడాన్ని ఆవిడ కళ్లారా చూసింది. దానికి 'విధాన వ్యాప్తి' అని పేరు పెట్టి, నాలుగు చోట్ల ఉన్న చట్టం తెస్తే ఇంకో మార్కు అదనం అంది. నలుగురూ చేసినది మంచిదే అయివుంటుందని ఆవిడ సిద్ధాంతం. అది వినడానికి పక్క అడవుల నుంచి కూడా పక్షులు వచ్చి, శ్రద్ధగా విని వెళ్లాయి.

ఆ అదనపు మార్కు మీద అడవిపంది కన్ను పడింది. ఒక చట్టం తెచ్చింది. వానలకు ముందు మడుగు కట్ట తెంపి నీళ్లు వదిలేయాలట, వరద రాకుండా. చుట్టుపక్కల అడవులన్నిటా ఉందట.

"మనకి వరదెప్పుడొచ్చింది నాయనా?" అన్నాడు దుప్పి తాత.

"చూశారా, ఇంకా చేయకముందే చట్టం ఎంత బాగా పని చేస్తోందో" అంది పంది.

ఎలుగుబంటి ఒక కన్ను తెరిచి, "అందరికీ సమ్మతమేగా" అని మళ్లీ మూసింది. పందికి తవ్వడమంటే ప్రాణం. సాయంత్రానికల్లా కట్టకు గండి పడింది.

కొంగ ముందుగా పందికి రెండు మార్కులు వేసింది. తర్వాత తన గూటివైపు చూసింది. మడుగు పక్క తుమ్మచెట్టు మీద, ఇంకా రెక్కలు రాని పిల్లలిద్దరు నోళ్లు తెరుచుకుని ఉన్నారు. నీళ్లు చెట్టు మొదలు వదిలి దూరంగా జరిగిపోయాయి. తనైతే ఎగిరిపోగలదు, పిల్లలు ఎక్కడికి పోతారు? ఇన్నేళ్లలో మొదటిసారి ఒక చట్టం చూసి ఆవిడకు భయం వేసింది.

అసలీ చట్టం ఎక్కడ పుట్టిందో తేల్చుకుందామని ఎగిరింది. పక్క అడవిలో చెరువు నిండుగా ఉంది. అక్కడి సభలో నెమలి సభ్యురాలు.

"ఆ చట్టం మేమూ చేశాం పంతులమ్మా. తవ్వడానికే ఎవరికీ ఒళ్లు వంగలేదు. అవతలి అడవిలో ఉంటే మేమూ పెట్టుకున్నాం" అంది.

అవతలి అడవివాళ్లు నది ఒడ్డు అడవిని చూపించారు. అక్కడ నీటికుక్క విని తల పట్టుకుంది.

"ఆ చట్టమా తల్లీ? చేసిన ఏడాదే చేపలన్నీ కొట్టుకుపోయాయి. వెంటనే రద్దు చేసేశాం."

"మరి రద్దు సంగతి ఎవరికీ తెలియదేం?"

"కాకికి చెప్పాం. రద్దు మోసుకెళ్తే మార్కుల్లేవటగా, వద్దంది."

కొంగ తిరిగొచ్చి సభ ముందు నిలబడింది. "కట్ట చట్టం రద్దు చేయండి. గండి పూడిస్తే మిగిలిన నీళ్లయినా దక్కుతాయి" అంది.

"రద్దుకెన్ని మార్కులు?" అంది పంది.

"మార్కులేంటండీ, నా పిల్లలు చచ్చిపోతారు."

"మీ పిల్లలు మాకు మాత్రం పిల్లలు కారా? కానీ రద్దు చేస్తే నా రెండూ పోతాయి. రేపు బండ మీద చదివేది మీరే కదా."

కొంగ ఒకసారి తన గూటివైపు చూసింది. "రద్దుకి మూడు మార్కులు" అనేసింది.

అంతే. కట్ట చట్టం రద్దయింది, గండి పూడింది. ఆ ఊపులో అలల చట్టం పోయింది, దాని వెనకే కాకి తెచ్చినవన్నీ పోయాయి. మధ్యాహ్నానికి రద్దు చేయడానికి చట్టాలు కరువయ్యాయి. నక్క నాలుగువైపులా చూసింది. ఒక్కటి మిగిలింది.

దుప్పి తాత లేచి నోరు తెరిచేలోగా తోకలెత్తి సమ్మతి తెలపడం అయిపోయింది.

"ఏమీ అనుకోకు తాతా, మార్కుల కోసం" అంది నక్క.

"నేను దున్నపోతుల్ని బతిమాలింది మార్కుల కోసం కాదురా" అన్నాడు తాత. అప్పటికే ఎలుగుబంటి సభ ముగిసిందని చెప్పేసింది.

ఆ సాయంత్రమే దున్నపోతులు మిగిలిన నీళ్లలో దిగి పొర్లాయి. తెల్లారేసరికి బురద మిగిలింది. జింకపిల్లలు ఒడ్డున నిలబడి దాన్నే చూస్తూ ఉండిపోయాయి.

కొంగ ఎక్కడెక్కడి నుంచో చేపలు తెచ్చి పిల్లల నోట పెట్టింది. ఎండ ముదిరాక చిన్నది తట్టుకోలేకపోయింది. కొంగ ఏడ్చింది. పెద్దదానికి రెక్కలు రాగానే వెంటబెట్టుకుని పక్క అడవి చెరువుకు బయల్దేరింది.

చెరువు కట్ట మీద ఒకటే సందడి. మూతులు, గిట్టలు, కొమ్ములు కలిసి మట్టి తోడుతున్నాయి. నెమలి ఎదురొచ్చింది.

"సమయానికి వచ్చారు పంతులమ్మా. మీ మార్కుల పద్ధతి మేమూ తెచ్చుకున్నాం. అమలు చేయని చట్టానికి సున్నా అని ఒక ముక్క మేం కలిపాం. మావాళ్ల బద్ధకం ఎలా వదిలిందో చూడండి. ఆఖరి పెళ్ల మీ ముక్కుతోనే తీయిద్దామని ఆపాం."

నీతి: సభలో కునుకు తీసే సభ్యుణ్ణి తట్టి లేపకండి, చాలాసార్లు మీ చెరువుకు ఆ కునుకే కట్ట.