డాబర్‌మన్‌కి ప్రమోషన్

కోరలు చూపించి మొరిగే కుక్కకి అన్నిటికన్నా ముఖ్యంగా ఏం కావాలో చెప్పండి చూద్దాం? మాంసమా? కాదమ్మా మేధా. గట్టి గొలుసా? నీ మొహం, అదీ కాదు. సరే, కాళ్ళు ముడుచుకుని కూర్చోండి. కథ అయ్యేలోగా మీరే చెబుతారు.

ఒక పెద్ద అడవిలో జంతువులు ఒక సంఘం పెట్టుకున్నాయి. అధ్యక్షుడు ఎలుగుబంటి. ఏది అడిగినా కళ్ళు మూసుకుని, "పద్ధతి ప్రకారం కానివ్వండి" అనేది. ఆ పద్ధతేమిటో చెప్పడం కార్యదర్శి గుంటనక్క పని.

వానాకాలానికని అందరూ ఎండబెట్టి దాచిన ఇప్పపూలు ఒక గుహలో ఉండేవి. వాటి కాపలాకి పట్నం నుంచి ఒక డాబర్‌మన్ కుక్క వచ్చింది. పేరు వజ్రం. అక్కడ బంగళావాళ్ళు పెరట్లో ఒంటరిగా కట్టేస్తే, గొలుసు తెంపుకుని వచ్చేసిందన్నమాట.

వజ్రం మొరిగిందంటే కొండచరియ విరిగిపడ్డట్టుండేది. పందులు ఆ చుట్టుపక్కలకే రావడం మానేశాయి. తీరా చూస్తే, గుహ ముందు పూలు ఆరబోసే కుందేలు పిన్నిని ఆనుకుని కూర్చుని, బరువంతా ఆవిడ మీదే వేసేది.

"ఒరే అబ్బాయ్, అటు జరుగు. నలిగిపోతున్నాను" అనేది పిన్ని.

కాస్త జరిగి, మళ్ళీ ఆనుకునేది. ఆ జాతి గుణమే అంత పిల్లలూ. చూడ్డానికి పోలీసు, లోపల పసిపిల్ల. తోడుంటే ప్రాణమిస్తుంది. ఒంటరిగా వదిలేస్తే మతి పోగొట్టుకుంటుంది.

ఇది నక్కకి కిట్టలేదు. వజ్రం అక్కడుండగా ఇప్పపూలు నోట పడేదెలా? వెళ్ళగొడితే అనుమానం వస్తుంది. అందుకని సభలో లేచింది.

"అధ్యక్షా, ఇంతటి వీరుడు కుందేలు పక్కన చతికిలబడటం మనకే నామోషీ. ప్రధాన కాపలాదారుగా ప్రమోషన్ ఇచ్చి, పెద్దబండ మీద ప్రత్యేక గది కట్టిద్దాం."

"పద్ధతి ప్రకారం కానివ్వండి" అంది ఎలుగు.

పెద్దబండ మీద పిట్ట కూడా వాలదు. వజ్రం పొద్దున్నంతా ఓపిక పట్టింది. మధ్యాహ్నానికి ఏడుపు అందుకుంది. సాయంత్రానికి గది తలుపు కొరికి పొట్టు చేసింది.

నక్క ఆ పొట్టు తెచ్చి సభలో పోసింది. "చూశారా, ఈ పదవి చాల్లేదని అలిగింది."

"అయ్యా, నాకు పదవొద్దు" అంది వజ్రం. "పక్కన ఎవరైనా కూర్చుంటే చాలు."

"ఆహా, ఎంత వినయం" అంది ఎలుగు. ఆ వినయానికి మెచ్చి దాన్ని మహా కాపలాధిపతిని చేసి, కొండకొమ్మున కూర్చోబెట్టారు. అంత పెద్దవారి దగ్గరికి అనుమతి లేకుండా ఎవరూ పోకూడదు. అనుమతి ఇచ్చేది నక్క. కుందేలు పిన్ని వెళ్ళి అడిగితే, "మీ విన్నపం పరిశీలనలో ఉంది" అంది.

ఇంకెవరికీ అనుమతి లేదు కాబట్టి కొండ మీదికి తిండి మోసేది కూడా నక్కే. అక్కడే దాని ఎత్తు బెడిసింది.

రోజంతా వజ్రానికి కనబడే మొహం అదొక్కటే మరి. నక్క అడుగుల చప్పుడు వింటే చాలు, మొండితోక ఆడించేసేది. "తిని చావు" అని తిండి విసిరేస్తే, అదీ పలకరింపే అనుకునేది. తిండి ముట్టకుండా ముందు నక్క భుజానికి ఆనుకునేది. ఒకనాడు నక్క దిగిపోతుంటే వెనకాలే దిగింది.

"మీరు పైనుండాలండీ. హోదా" అంది నక్క.

"మీ పక్కనుంటే అంతకన్నా హోదా ఏముందండీ."

ఇక నక్క ఏటికెళ్తే ఏటికి, పొదలో దూరితే పొదలోకి. గుహ వైపు చూపు తిప్పినా పక్కనే వజ్రం. చివరికి ఒక మధ్యాహ్నం వజ్రం కునుకు తీస్తుంటే, నీళ్ళు తాగడానికి పిన్ని ఏటివైపు వెళ్ళిన సమయం చూసి, నక్క గుహలో దూరింది.

వజ్రానికి మెలకువొచ్చింది. పక్కన నక్క లేదు. వాసన పట్టుకుంటూ గుహకొచ్చి, నక్కని చూసి సంతోషం పట్టలేక మొరిగింది. కొండచరియ విరిగిపడ్డట్టు. అడవంతా పరుగెత్తుకొచ్చింది.

"ఇక్కడే ఉన్నారండీ మా కార్యదర్శిగారు" అని వజ్రం గంతులు. కార్యదర్శిగారికి నోటి నిండా ఇప్పపూలు.

ఎలుగు మొట్టమొదటిసారి రెండు కళ్ళూ తెరిచింది. "తరిమేద్దాం దీన్ని" అన్నాయి అన్నీ.

వజ్రం గంతులు ఆగిపోయాయి. "మరి నా పక్కన ఎవరుంటారు?"

కుందేలు పిన్ని ముందుకొచ్చింది. "నేనున్నానుగా. వాడి రెండో పక్కన నక్కని కూర్చోబెట్టండి, పూలు ఆరబోస్తుంది. ఎక్కడికీ పోకుండా మావాడే చూసుకుంటాడు."

"పద్ధతి ప్రకారం" అనబోయి, ఎలుగు ఆగింది. "ఆఁ, కానివ్వండి."

ఇప్పుడక్కడ "అటు జరుగు, నలిగిపోతున్నాను" అనేది నక్క.

నీతి: దొంగకి కాపలా కాయాలంటే కోపం అక్కర్లేదు, వాణ్ణి వదిలి ఉండలేకపోతే చాలు.

కుక్కకి ఏం కావాలో ఇప్పుడు వేరే చెప్పాలా? ఊఁ, నా మీద నుంచి లేవండి ఇద్దరూ. చిక్కుడుకాయలు సగం ఈనెలు తీసి అక్కడే వదిలేసి వచ్చాను. ఒంటరిగా ఉన్నామని అవి ఏడవ్వులే గానీ, కూర కాకపోతే మీ తాతయ్య ఊరుకోరు.