పెద్దవాళ్ళుండగా ధరేమిటి?

ఆ గురువారం ఉదయం ప్యో యంజు చేయవలసిన పనులు ఇవి. కమలాపండ్ల పెట్టెను మూడో అంతస్తుకు మోయాలి. డబ్బుకు బదులు వాడే గాజుపూసలను చిన్న సంచుల్లో పోయాలి. ఎంతకు తగ్గకూడదో అమ్మేవాళ్ళకు ఎర్ర చీట్లు, ఎంతకు మించకూడదో కొనేవాళ్ళకు నీలం చీట్లు రాయాలి. డీన్‌గారికి మెత్తని కుర్చీ వేయాలి. పాఠం నడుస్తుండగా మాట్లాడవద్దని తమ శాఖ పెద్ద మేంగ్ ప్రొఫెసర్‌గారికి మర్యాదగా చెప్పాలి. కంగారు పడకుండా ఉండాలి.

చివరిది తప్ప అన్నీ చేసింది.

కొరియా దక్షిణాన ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో యంజుది తాత్కాలిక ఉద్యోగం. డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం ఎలా చెబితే బుర్రకెక్కుతుందన్నది ఆమె పరిశోధన. ఒక తరగతికి పాఠం నోటితో చెబుతుంది. రెండో తరగతి చేత గదిలోనే సంత పెట్టించి బేరాలాడిస్తుంది. ఆ తర్వాత రెండు తరగతులకూ ఒకే ప్రశ్న ఇచ్చి, ఎవరికి బాగా వచ్చిందో చూస్తుంది. ఈ పని వచ్చే ఏడాది సాగాలా, యంజు ఇంటికి పోవాలా అన్నది తేల్చడానికి ఆ రోజు డీన్‌గారు స్వయంగా వచ్చారు. "పళ్ళు పంచడానికి పీహెచ్‌డీ దేనికి?" అన్నది అప్పటికి ఆయన అభిప్రాయం.

నోటితో చెప్పిన తరగతిని యంజు పక్క గదిలో కూర్చోబెట్టింది. వాళ్ళు సంతను చూడకూడదు. చూస్తే పరిశోధన పాడవుతుంది. ఇక సంత తరగతిని రెండుగా విడదీయాలి. తేలికగా ఉంటుందని వెనక సగానికి పళ్ళు, ఎర్ర చీట్లు ఇచ్చింది. ముందు సగానికి పూసలు, నీలం చీట్లు ఇచ్చింది. కొంప మునిగింది అక్కడే. వెనక బెంచీల్లో ఉన్నవాళ్ళంతా తప్పనిసరి సైనిక సేవ చేసి తిరిగొచ్చిన పెద్ద కుర్రాళ్ళు. ముందు కూర్చున్నవాళ్ళు నిన్నగాక మొన్న చేరిన పిల్లలు.

"ఎవరి లాభం వాళ్ళు చూసుకోండి. పండు ధర అయిదు పూసల దగ్గర దానంతట అదే కుదురుతుంది. మొదలుపెట్టండి!" అంది యంజు, బోర్డు మీద అయిదు దగ్గర గీత గీసి.

ఒక పిల్లవాడు బెరుకుగా వెళ్ళి, అందరిలోకీ పెద్దవాడైన తక్ గిసు ముందు నిలబడ్డాడు.

"అన్నా, ఎంతకిస్తారు?"

"ఎంతకేంట్రా? తీసుకో."

"ఊరికేనా అన్నా?"

"మరి నీ దగ్గర పూసలు తీసుకుంటే రేపు నా ముఖం చూస్తావా నువ్వు?"

ఈ మాట పక్కవాడు విన్నాడు. గిసు ఊరికే ఇస్తుంటే తాను అమ్మితే పిసినారి అనిపించుకుంటాడు. అతనూ ఇచ్చేశాడు. ఆ పక్కవాడు పండు ఒలిచి మరీ ఇచ్చాడు. పళ్ళన్నీ నిమిషాల్లో చేతులు మారాయి. పూస మాత్రం ఒక్కటీ కదల్లేదు.

"ధర ఎక్కడ కుదిరిందమ్మా?" అని వెనకనుంచి డీన్‌గారు అడిగారు.

"సున్నా దగ్గరండీ."

"బోర్డు మీద నువ్వు గీసిన గీత అక్కడ లేదే?"

"లేదండీ."

యంజు తప్పు గ్రహించి, పూసలను, చీట్లను అటూ ఇటూ చేసి పాత్రలు మార్చింది. ఇప్పుడు చిన్నవాళ్ళు అమ్మాలి, పెద్దవాళ్ళు కొనాలి. ఈసారి ధర సున్నాకు దిగదని ఆమె నమ్మకం. ఆ నమ్మకం వమ్ము కాలేదు.

"ఇదిగో, సంచీ మొత్తం ఉంచు," అన్నాడు గిసు.

"అయ్యో, ఒక్క పండుకా అన్నా! ఒక్క పూస చాలు."

"నోర్ముయ్. తమ్ముడి దగ్గర బేరమాడేంత దిగజారానా?"

వెనకనుంచి ఇంకొకడు సంచీతోపాటు తన పెన్ను కూడా ఇచ్చాడు. ధర బోర్డు దాటి గోడ ఎక్కింది. ఆ గోలలో ఓక్ బొరమ్ అనే మొదటి ఏడాది అమ్మాయి ఒక్కతే తన ఎర్ర చీటీని శ్రద్ధగా చదువుకుని, గిసు స్నేహితుడి ముందుకు వెళ్ళింది.

"ఆరు పూసలు, అన్నా."

"ఆరేంటమ్మా, అన్నీ తీసుకో."

"అన్నీ వద్దు. బేరమాడమన్నారు కదా, ఆడండి."

"నాలుగు?" అన్నాడతను దిక్కుతోచక.

"అయిదు. ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే ఇంకొకరికి అమ్ముకుంటా."

గదంతా ఆమె వైపు తిరిగింది. "అన్నతో బేరమా!" అని ఎవరో గొణిగారు. బొరమ్ అయిదు పూసలు లెక్కపెట్టుకుని వెళ్ళి కూర్చుంది.

ఊరికే పళ్ళు తీసుకుని, పైగా సంచులు పుచ్చుకున్న చిన్నవాళ్ళకు మనసు ఒప్పలేదు. కిందికి పరిగెత్తి నాణెం వేసే మిషన్లో డబ్బా కాఫీలు కొనుక్కొచ్చి అన్నల చేతుల్లో పెట్టారు. చిన్నవాళ్ళ చేత కొనిపించుకోవడమా అని అన్నలు వెళ్ళి నాచులో అన్నం చుట్టిన కింబాప్‌లు తెచ్చారు. అంతవరకూ మాట నిలబెట్టుకుని మౌనంగా ఉన్న మేంగ్ ప్రొఫెసర్‌గారు ఇక తట్టుకోలేక లేచారు.

"నేను బతికుండగా పిల్లలు ఒకరికొకరు పెట్టుకోవడమేంటి? అందరికీ నల్ల సాస్ నూడిల్స్ తెప్పిస్తున్నా!"

"సార్, మాట్లాడనన్నారు..." అంది యంజు.

"మాట్లాడట్లేదమ్మా. ఆర్డరిస్తున్నా."

డీన్‌గారు కుర్చీలోంచి దిగ్గున లేచారు. ఆయనా మేంగ్‌గారూ ఒకే స్కూల్లో చదువుకున్నారు. డీన్‌గారు రెండేళ్ళు పెద్ద.

"ఏరా, నేనిక్కడ కూర్చుని ఉండగా డబ్బులు నువ్విస్తావా?"

"ఈ ఒక్కసారికి వదిలేయండి అన్నగారూ!"

"నా ప్రాణం పోయినా వదలను."

నూడిల్స్ వచ్చాయి. వాటికంటే ముందే వాసన పక్క గదికి వెళ్ళింది. తలుపు సందులోంచి ఆకలి ముఖాలు తొంగిచూశాయి. యంజు చేతులు చాచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వీళ్ళు రాకూడదు! వీళ్ళు వేరే గుంపు!"

"తిండికి కూడా వేరేనా మేడం?" అన్నాడు గిసు. ఆ గొంతులో కోపం లేదు, బాధ మాత్రమే ఉంది. తిండికి గుంపులు కట్టడం యంజుకు పీహెచ్‌డీలో నేర్పలేదు. చేతులు దించింది. రెండు తరగతులూ ఒకే బెంచీల మీద కూర్చుని, సంతలో జరిగినదంతా చెప్పుకుంటూ తిన్నాయి. నాలుగేళ్ళ పరిశోధన, నూడిల్స్‌తో వచ్చిన ముల్లంగి ముక్కలతో సహా అయిపోయింది.

ఈ సందట్లో మేంగ్‌గారు చేతులు కడుక్కొస్తానని బయటికి వెళ్ళి, మెట్ల దగ్గరే డబ్బులిచ్చేసి వచ్చారు. సంగతి తెలిసి డీన్‌గారికి తల కొట్టేసినట్టయింది.

అయినా యంజు ప్రశ్న ఇచ్చింది. అది ఆమె విధి. "సంతలో ధరను ఏది నిర్ణయిస్తుంది?" రెండు తరగతులవాళ్ళూ కూడబలుక్కున్నట్టు "వయసు" అని రాశారు. బొరమ్ ఒక్కతే అమ్మేవాళ్ళ అవసరం, కొనేవాళ్ళ అవసరం కలిసే చోటు అని రాసింది.

డీన్‌గారు కాగితాలు తిప్పి చూశారు. "వీళ్ళలో ఎవరిది రైటు?"

"పుస్తకం ప్రకారం ఈ పిల్ల ఒక్కతిదేనండీ," అంది యంజు.

"మరి ఈ గదిలో జరిగినదాని ప్రకారం?"

"ఈ పిల్ల ఒక్కతిదే తప్పండీ."

ఆ మాటతో తన ఉద్యోగం ముగిసిందని యంజుకు అర్థమైంది. పూసలు సంచుల్లో ఎత్తడం మొదలుపెట్టింది. డీన్‌గారు మాత్రం ఆమె వంక చూడలేదు. మేంగ్‌గారి వంకే చూస్తున్నారు.

"నన్ను ఇంతమందిలో చిన్నవాడి డబ్బుతో తినేవాణ్ణి చేశావు కదరా. సరే. మీ శాఖలో ఈ అమ్మాయి ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగిస్తున్నా."

"అయ్యో, ఎందుకన్నగారూ! అంత వద్దండీ," అన్నారు మేంగ్‌గారు, మర్యాద కొద్దీ.

యంజు పూసలు ఎత్తడం ఆపింది.

"రెండేళ్ళు!"

"వద్దండీ, నిజంగా. మీరు వచ్చారు, అదే చాలు."

"మూడేళ్ళు! ఇంకొక్క మాటంటే నీతో మాట్లాడను."

మేంగ్‌గారు నాలుగోసారి వద్దనడానికి నోరు తెరిచారు. యంజు ఆ నోట్లో ఒక కమలా తొన పెట్టింది. బొరమ్ బేరం తప్ప, తన పరిశోధనలో ధర కుదరడాన్ని ఆమె కళ్ళారా చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత యంజు పేరుతో అచ్చయిన వ్యాసంలో ఆనాటి బేరాల బొమ్మ ఒకటి ఉంది. చుక్కలన్నీ అయితే నేల మీద, లేదంటే నింగిలో ఉంటాయి. గీత మీద ఉన్నది ఒకే ఒక్క చుక్క. పాఠకులకు ఒక మనవి: ఆ బొమ్మ ఎప్పుడైనా మీ కంటబడితే ఓక్ బొరమ్‌ను గుర్తు చేసుకోండి. చెప్పిన పని చెప్పినట్టు చేసింది ఆమె ఒక్కతే. ఆనాటినుంచి ఆ కాలేజీలో ఆమెకు ఎవరూ ఊరికే ఏదీ పెట్టలేదు.