వాగు దాటించే పథకం

ఒక పెద్ద అడవిలో అందరూ హాయిగా వాగు దాటుతుండటమే పెద్ద సమస్య అయి కూర్చుంది. ఎలాగో చెబుతాను.

ఆ వాగుకు ఇవతల ఒడ్డు పల్లం, అవతల ఒడ్డు గుట్ట. ఏటా వానలు పడగానే పల్లం మునుగుతుంది. బొరియల్లో కాపురముండే చిన్న జంతువులు ఆలోపే పిల్లల్ని తీసుకుని గుట్ట మీదికి చేరుకోవాలి. వాటిని దాటించేది గంగులమ్మ అనే గేదె. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు. దాటినవాళ్లు తలా ఇంత పచ్చగడ్డి తెచ్చిపెట్టేవాళ్లు. ఇన్నేళ్లలో ఒక్క ఎలుక పిల్ల కూడా దాని వీపు మీంచి జారి పడలేదు.

ఇంత సవ్యంగా సాగే పని ప్రభుత్వం కంట పడకుండా ఉంటుందా?

మూడు కొండల అవతల ఉండే సింహం రాజుగారు జలరవాణా మెరుగుదల పథకం ప్రకటించారు. ఆయన ఆ వాగును ఎన్నడూ చూసి ఎరగరు. వాగు దాటే సౌకర్యం ఏ అడవిలో మరీ అధ్వానంగా ఉందో ఆ అడవికే ముందు నిధులు. నిధులంటే తేనెపట్లు.

తేనె మాట వినగానే అటవీ మండలి అధ్యక్షుడు భల్లూకయ్య ఎలుగుబంటి అత్యవసర సమావేశం పెట్టేశాడు. కార్యదర్శి జంబుకం నక్క దరఖాస్తు పట్టుకొచ్చాడు. రవాణా నిపుణుడిగా బకదత్తు కొంగను పిలిపించారు. బకదత్తుకు రెక్కలున్నాయి కాబట్టి జీవితంలో ఎవరి వీపూ ఎక్కే అవసరం రాలేదు. అందుకే రవాణా గురించి నిష్పక్షపాతంగా ఆలోచిస్తాడని ఆయనకు పేరు.

దరఖాస్తు ఏడో గడి దగ్గర ఆగిపోయింది.

"వాగు దాటలేక ఇబ్బంది పడిన జీవుల సంఖ్య అని అడిగారండీ," అన్నాడు జంబుకం.

"ఎంతమంది?"

"ఒక్కరూ లేరండీ."

భల్లూకయ్య తల పట్టుకున్నాడు. "పాతికేళ్లుగా ఈ అడవిలో ఒక్కడికీ ఇబ్బంది కలగలేదా? ఏం చేస్తోందయ్యా మన మండలి?"

"అంతా ఆ గేదె నిర్వాకమండీ. వేళ తప్పదు, రోజు తప్పదు."

బకదత్తు ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచాడు. "గేదెను ఆపేస్తే సరి. రేపటికల్లా ఇబ్బంది అదే వస్తుంది."

ఆ సాయంత్రమే గంగులమ్మకు టేకాకు మీద ఆర్డరు అందింది. మండలి సీలున్న కాగితం లేనిదే ఎవరినీ వీపున ఎక్కించుకోరాదు, ఎక్కించుకుంటే మడుగు స్వాధీనం చేసుకోబడును అని జంబుకం చదివి వినిపించాడు. గేదెకు మడుగు పోతే ఇక బతుకేముంది? గంగులమ్మ వెళ్లి మడుగులో పడుకుంది.

మర్నాడు పొద్దున్నే సుబ్బులు అనే కుందేలు వచ్చింది. దానికి అప్పుడే అయిదు పిల్లలు పుట్టాయి, ఇంకా కళ్లు తెరవలేదు. వానలకు ఇరవై రోజులు కూడా లేవు.

"పెద్దమ్మా, ఈసారి మమ్మల్ని దాటించవా?"

"కాగితం కావాలంట తల్లీ," అంది గంగులమ్మ మొహం పక్కకు తిప్పుకుని.

సుబ్బులు మండలి ఆఫీసుకు పరిగెత్తింది. "అయ్యగారూ, పసికూనలండీ. వరదొస్తే బొరియలోనే పోతాయి."

జంబుకం మొహం వెలిగిపోయింది. "ఇబ్బంది పడుతున్నావా అమ్మా? మంచిది. రాసివ్వు."

సుబ్బులు రాసిచ్చింది. జంబుకం దాన్ని ఫైల్లో పెట్టుకుని, టేకాకు మీద రెండు ముక్కలు గీకి, పెద్ద సీలును నల్లజీడి రసంలో ముంచి టప్పున గుద్ది రసీదు చేతిలో పెట్టాడు. చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టే రసమది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు.

"ఇందులో ఏముందండీ?"

"తమ ఇబ్బంది పరిశీలనలో ఉన్నది అని ఉంది. భద్రంగా దాచుకో."

ఆ వారంలో ముళ్లపందులు, ఉడతలు, ముంగిసలు, ఎలుకలు అన్నీ వచ్చాయి. ఏడ్చినవాళ్లకూ తిట్టినవాళ్లకూ కూడా జంబుకం విసుక్కోకుండా రసీదులిచ్చాడు. ఫిర్యాదుదారుణ్ణి అంత ప్రేమగా చూసిన ఆఫీసును నేనింకెక్కడా చూడలేదు. ఏడో గడిలో మూడువందల నలభై అని రాసి పంపితే రాజుగారు చలించిపోయారట. వెంటనే మొదటి దశ మంజూరైంది.

"మొదటి దశలో ఎదురుచూసే సౌకర్యం. రెండో దశలో దాటే సౌకర్యం," అని వివరించాడు బకదత్తు.

వాగు ఒడ్డున బ్రహ్మాండమైన షెడ్డు లేచింది. రాతి స్తంభాలు, బల్లలు, గోడ మీద రాజుగారి బొమ్మ. రాకపోకల వేళలు రాయడానికి నల్లబల్ల కూడా పెట్టారు. దాని మీద రాయడానికి ఏ రాకా లేదు, ఏ పోకా లేదు.

సుబ్బులు రోజూ ఆఫీసుకు వెళ్లేది. జంబుకం రోజూ పరిశీలనలో ఉందనేవాడు. ఇంటికొచ్చి పిల్లల్ని పొట్ట కింద పెట్టుకుని మబ్బుల వంక చూస్తూ కూర్చునేది. ఆ తల్లి పడ్డ భయం ఏ గడిలోనూ పట్టేది కాదు.

షెడ్డు ప్రారంభోత్సవానికి జనం నిండుగా ఉండాలని, రసీదులున్న వాళ్లంతా వాటితో సహా హాజరు కావాలని దండోరా వేయించారు. అందరూ వచ్చారు. భల్లూకయ్య రిబ్బను కత్తిరించాడు. బకదత్తు ప్రసంగం గంటసేపు సాగింది. ఆ గంటలోనే పై కొండల్లో కురిసిన వాన దిగువకు వచ్చేసింది.

ముందు వాగు ఎర్రబడింది. తర్వాత ఒడ్డు కనిపించలేదు.

సుబ్బులు రసీదును నోట కరుచుకుని వచ్చింది కాస్తా దాన్ని షెడ్డు బల్ల మీద పడేసి బొరియకు పరుగు తీసింది. ఒక్కో పిల్లనూ మెడ పట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టింది. అయిదోదాన్ని తెచ్చేసరికి బొరియ గుమ్మం నీళ్లలో ఉంది.

అప్పటికి మడుగూ వాగూ ఏకమైపోయాయి. గంగులమ్మ షెడ్డు పక్కకు వచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, నా దగ్గర ఈ రసీదొక్కటే ఉంది," అని ఏడుస్తూ టేకాకు చూపించింది సుబ్బులు.

గంగులమ్మ ఆ ఆకు వైపు చాలాసేపు చూసింది. గేదెకు చదువు రాదని అందరూ అంటారు. నిజమెంతో నాకు తెలియదు.

"మండలి సీలే. ఎక్కు తల్లీ."

షెడ్డంతా గోలెత్తిపోయింది. మూడువందల నలభై టేకాకులు పైకి లేచాయి. వాన ఎంత కొట్టినా ఒక్క సీలూ చెరగలేదు. గంగులమ్మ ఆ రోజు ఎన్ని ట్రిప్పులు వేసిందో చెప్పలేను గాని, చీకటి పడేలోపు రసీదున్న ప్రతి ప్రాణీ గుట్ట మీద ఉంది.

తొలి ట్రిప్పు కదులుతుండగానే భల్లూకయ్య అందరినీ తోసుకుని ముందుకొచ్చాడు. "గంగులమ్మా, ముందు నన్ను ఎక్కించుకో. నేను అధ్యక్షుణ్ణి."

"తెలుసండీ. కాగితం?"

"ఆ ఆర్డరిచ్చింది నేనే కదే!"

"అందుకే కదండీ భయం. మడుగు పోతుంది."

భల్లూకయ్య జంబుకం మీద విరుచుకుపడ్డాడు. "నీ రసీదన్నా చూపించి చావు!"

"మనకెప్పుడు ఇబ్బంది కలిగిందండీ రాసుకోవడానికి?" అన్నాడు జంబుకం ఏడుపుగొంతుతో. "పోనీ ఇప్పుడు రాద్దామంటే సీలు ఆఫీసులో ఉంది. ఆఫీసు నీళ్లలో ఉంది."

గేదె వీపు మీంచి సుబ్బులు వెనక్కి తిరిగింది. నెమ్మదస్తురాలే గాని, పిల్లలు ఒడిలో ఉన్నాక దానికి ధైర్యం వచ్చింది.

"అయ్యగారూ, ఇబ్బంది పడుతున్నారా? మంచిది. రాసివ్వండి."

ఇద్దరూ షెడ్డు కప్పు మీదికెక్కి, వరద తీసేదాకా రెండు రోజులు రాజుగారి బొమ్మకు పైన కూర్చున్నారు. బకదత్తు మాత్రం ప్రసంగం ఆఖరి పేజీ వదిలేసి ఎగిరిపోయి, రాజుగారికి స్వయంగా నివేదిక ఇచ్చాడు. ఏడో గడిలో ఈసారి ఇద్దరే. కాని అధ్యక్షుడంతటివాడు కప్పెక్కాడని తెలిసేసరికి రాజుగారి గుండె నీరైపోయి రెండో దశ కూడా మంజూరు చేశారు. అవతల ఒడ్డున కూడా ఒక షెడ్డు కట్టారు.

గంగులమ్మ మీది ఆర్డరును ఇంతవరకూ ఎవరూ రద్దు చేయలేదు. కొత్త సీలు మాత్రం చేయించారు. ఇప్పుడు అక్కడ వాగు దాటాలనుకున్న ప్రతివాళ్లూ పొద్దున్నే ఆఫీసుకెళ్లి, వాగు దాటలేకపోతున్నామని ఫిర్యాదు రాసిచ్చి, రసీదు పుచ్చుకుని, వచ్చి గేదెనెక్కి దాటేస్తున్నారు. వరుసలో అందరికన్నా ముందు భల్లూకయ్య, ఆయన వెనకే జంబుకం.

నీతి: ఫిర్యాదును ఎవరూ పట్టించుకోరని తెలిసినా సరే, రసీదు మాత్రం అడిగి తీసుకోండి.