ఆపేవాడి పోస్టు

ఒక్క స్విచ్చు వేస్తే నాలుగు కంప్యూటర్లూ వాటంతట అవే పనిలోకి దిగాలి. ఎనభై ఎనిమిది వేసవిలో ఒక సోమవారం పొద్దున రాంచందర్ ఈ ఆలోచనతోనే ఇంటి నుంచి బయలుదేరాడు. వరంగల్లులో నర్సంపేట రోడ్డు మీది చేనేత సంఘంలో అతను మూడేళ్లుగా టెంపరరీ ఆపరేటర్. ఆ రోజు హైదరాబాదు నుంచి వచ్చే ఆఫీసరు మెచ్చితే పర్మినెంటు. లేకపోతే నెలాఖరుతో సరి.

రోజూ ఒక్కో మిషన్ ముందు కూర్చుని తేదీ, టైము, ఇంకో అరడజను ఆజ్ఞలు కొట్టాల్సి వచ్చేది. ఇప్పుడు వాటన్నిటినీ ఒక బ్యాచ్ ఫైలులో వరుసగా రాసి నాలుగింటికీ ఎక్కించాడు. సభ్యులకు మీటింగు నోటీసు అచ్చేయమనీ అందులోనే రాశాడు. పని ఎక్కడా ఆగిపోకూడదని చివరి వరుసలో మళ్లీ ఆ ఫైలు పేరే రాశాడు. అక్కడికి చేరగానే మిషన్ మళ్లీ మొదటి వరుస నుంచి అందుకుంటుంది.

మేనేజర్ కిషన్ రావు మిషన్లకు పసుపు కుంకుమ పెట్టించి, గోడ మీది మెమో చూపించాడు. నడుస్తున్న పనిని పర్మినెంటు ఉద్యోగులే ఆపవలెనని అందులో ఉంది. పోయిన నెల రాంచందర్ ఒక జాబితా అచ్చును మధ్యలో ఆపినందుకు వచ్చిన మెమో అది.

"యాదికున్నది గదా? టెంపరరీ మనిషివి. ఇంకోపాలి ఆపితే నౌకరి ఊడుతది."

ఆఫీసరు రాగానే స్విచ్చు వేశారు. నాలుగు తెరలూ వెలిగాయి. నాలుగు ప్రింటర్లూ మరమగ్గాల్లా మోత మొదలుపెట్టాయి. వచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర గుద్ది పంపడం అటెండరు మొండయ్య అలవాటు. నూలు కోసం వచ్చినవాళ్ల చేతికి కట్టలు కట్టలుగా ఇచ్చి వాడవాడకూ పంపేశాడు. వెంటనే ఆఫీసుకు రావాలని నోటీసు. గంటలో జనం మెట్ల దాకా నిండిపోయారు.

"ఏందే మొండన్నా, నాకొక్కదానికి తొమ్మిది కాయితాలా? తొమ్మిదిసార్లు రావాల్నా?" అని సంఘం సభ్యురాలు మల్లవ్వ నిలదీసింది.

"మిషన్ కొడ్తాంది, నేను గుద్దుతాన్న. నన్నేం జెయ్యమంటవ్ అక్కా?"

రాంచందర్‌కు చివరి వరుస గుర్తొచ్చింది. చెయ్యి చాపేలోగా కిషన్ రావు పట్టుకున్నాడు. ఆయన ఇరవై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి. తెగకుండా వస్తున్న కాగితం ఆయన కంటికి మగ్గం మీది బట్ట తానులాగే కనిపించింది.

"తాన్ నడుమల కోస్తవా? పూర్తిగానియ్యి!"

జనాన్ని చూసి ఆఫీసరు మురిసిపోయాడు. "ఎంత స్పందన! అన్నీ అవే చేసుకుంటున్నాయి. స్విచ్ వెయ్యడానికి అటెండరు చాలు కదండీ. ఈ ఆపరేటర్ పోస్టు దేనికి?"

కాగితం పెట్టె ఖాళీ అవుతుంటే మొండయ్య ఉత్సాహంగా రెండోది తెచ్చి పెట్టాడు.

రెండోది సగమయ్యేసరికి జనం గదిలోకి తోసుకొచ్చి, ఆఫీసరును గోడకు అంటించారు.

"ఇక ఆపండి!" అని ఆయన అరిచాడు.

కిషన్ రావు స్విచ్చు కట్టేశాడు. ఫ్యాన్లు కూడా దాని మీదే ఉన్నాయి. ఉక్కకు తట్టుకోలేక మళ్లీ వేశాడు. మిషన్లు మొదటి నోటీసు నుంచి మళ్లీ అందుకున్నాయి. మూడుసార్లు ఇదే తంతు.

"రాంచందరూ, జర నువ్వే ఆపు బిడ్డా!"

రాంచందర్ వచ్చి రెండు మీటలు నొక్కాడు. పని ఆపాలా, వద్దా అని తెర అడిగింది. అతను చెయ్యి వెనక్కి తీసుకుని మెమో వైపు చూశాడు.

"పర్మినెంటోళ్లు నొక్కాలె సార్. నేను టెంపరరీ."

కిషన్ రావు వేలు మీట దాకా వెళ్లి ఆగింది. "నేను నొక్కినంక ఏమన్న అయితే?" అంటూ ఆఫీసరు వైపు తిరిగాడు. ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

ఆఫీసరు జేబులోంచి ఒక చెయ్యి మాత్రం తీసి, ఒక నోటీసు చింపి, దాని వెనకే ఆర్డరు రాసి సంతకం పెట్టాడు. సిరా ఆరకముందే మొండయ్య అలవాటు కొద్దీ ముద్ర గుద్దాడు. రాంచందర్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాకే నాలుగు మిషన్లనూ ఆపాడు.

మర్నాటి నుంచి పర్మినెంటు ఆపరేటర్ రాంచందర్ ఆ బ్యాచ్ ఫైలును చెరిపేసి, ఒక్కో మిషన్‌కూ తేదీ, టైము చేత్తోనే కొడుతున్నాడు. నాలుగో దాని దగ్గరికి చేరేసరికి భోజనాల వేళవుతోంది.