చౌడు నిర్మూలన వారోత్సవాలు

సుల్తానాబాద్ దగ్గరి గుండ్లమడుగులో చౌడును సంపూర్ణంగా నిర్మూలించినట్టు పంచాయతీ సమితి రికార్డులో రాసి ఉంది. రికార్డు అబద్ధమాడదు. కాబట్టి ఆ ఊళ్లో నేటికీ నేలమీద తెల్లగా పేరుకుని పైరును మాడ్చేది మరేదో పదార్థం అయి ఉండాలి.

ఈ మహత్కార్యంలో మొదట దెబ్బతిన్నది చాకలి కొమురవ్వ. ఊరి పడమట ఉన్న మూడెకరాల చౌడే ఆమెకు సబ్బూ, సోడా. ఆ మన్ను నీళ్లలో కలిపి, తేరిన నీళ్లతో బట్టలు ఉడకేసి ఉతికితే ఎంతటి మురికైనా దిగాల్సిందే. సమితి అధ్యక్షులు బుచ్చిరాములు గారి ఖద్దరు కూడా ఆ మన్ను చలవతోనే వెలిగేది.

ఒకనాడు వ్యవసాయాధికారి అంబదాస్ గారు జీపు దిగి, ఎర్ర లిట్మస్ కాగితాన్ని తడిమన్నులో పెట్టారు. అది నీలమైంది. "క్షారం!" అని ప్రకటించారు. ఈ సంగతి ఊరికి తాతలనాడే తెలుసు. గొడ్లకూ తెలుసు, అటు మేతకే పోవు. కాని కాగితానికి తెలిసేదాకా ప్రభుత్వానికి తెలియదు గదా! వెంటనే చౌడు చుట్టూ ముళ్లకంచె లేచింది. శత్రువును ఎవరూ ముట్టరాదని బోర్డు వెలిసింది.

కొమురవ్వ గంప చంకన పెట్టుకుని కంచె దగ్గర నిలబడింది.

"సారూ, గా మన్ను లేకుంటే బట్టలు దేంతోని ఉతకాలె? బట్ట తెల్లగ గాకుంటే ఇంటింటికి నాకు పెట్టే గింజలు గూడ పెట్టరు."

"ప్రగతికి అడ్డం రాకమ్మా!"

"నేనేడ అడ్డమొచ్చిన? కంచెనే నాకు అడ్డమొచ్చింది."

చౌడు విరగాలంటే జిప్సం చల్లాలి. జిప్సం కోసం రాసిన ఉత్తరం కరీంనగర్ పోయి, హైదరాబాదు పోయి, 'జిప్సం ఎందుకు?' అనే ప్రశ్నతో తిరిగొచ్చింది. అప్పటికే వారోత్సవాల ఆహ్వానాలు అచ్చయ్యాయి. క్షారానికి విరుగుడు పులుపేనని అంబదాస్ గారు నోరుజారి అన్నారు. అధ్యక్షులవారు అందుకున్నారు: ఇంటికో కడవ చింతపులుసు!

ఊరంతా కూర్చుని చింతపండు పిసికింది. చాలనిచోట పుల్లమజ్జిగ, పాసిపోయిన కల్లు కలిపారు. వారంపాటు ఏ ఇంట్లోనూ పప్పులో పులుపు లేదు. కడవలను మేళతాళాలతో ఊరేగించి చౌడుమీద పోశారు. అధ్యక్షులవారు మొదటి చెంబు పోసిన చోట నీలం కాగితం ఎర్రబడింది. చప్పట్లు! మిగతా నేలకు కాగితాలు చాలలేదు. చెంబుడు విజయాన్నే మూడెకరాలకు విస్తరించి రికార్డులో ఎక్కించారు. ఈగలు మాత్రం ఆహ్వానం లేకుండానే వచ్చాయి.

చివరిరోజు కలెక్టరు గారు విచ్చేశారు. చౌడు లేకుండా ఉతికిన ఖద్దరులో అధ్యక్షులవారు ముదిరిన దోసకాయలా పచ్చగా మెరుస్తూ గర్జించారు: "సోదరులారా! ఈ నేల నేటినుండి నిష్కళంకము!"

కొమురవ్వ లేచింది. పసుపుమరక మీద చౌడు పడితే ఎర్రబడుతుందని ప్రతి చాకలికీ తెలుసు. కంచెలోంచి చెయ్యి దూర్చి ఇంత తడిమన్ను తీసింది. పసుపు అంటిన పాతబట్ట మీద రుద్దింది. బట్ట కుంకుమలా ఎర్రబడింది.

"సూడుండ్రి దొరా! చౌడు సావలే. మన పులుసంత తాగి సల్లగ పండుకున్నది."

కలెక్టరు అధ్యక్షులవారిని చూశారు. అధ్యక్షులవారు అంబదాస్‌ను చూశారు. అంబదాస్ ఈగలను చూశారు. చివరికి ఆయనే గొంతు సవరించుకున్నారు: "రికార్డు ప్రకారం ఇక్కడ చౌడు లేదు. కాబట్టి దోషం పసుపుది." వచ్చే నెల పసుపు సంస్కరణ వారోత్సవాలు జరపాలని అక్కడికక్కడే తీర్మానించారు.

సభ ముగిశాక అధ్యక్షులవారు కొమురవ్వను పక్కకు పిలిచారు.

"ఏమే, నా బట్టలు గిట్ల పచ్చగయినయేందే?"

"చౌడు లేదని మీరే అంటిరి గద దొరా."

లేని చౌడుకు కంచె ఎందుకని తెల్లారేసరికి పీకేశారు. ఆ ముళ్లతీగ అధ్యక్షులవారి గొర్రెలదొడ్డికి చేరింది. కొమురవ్వ గంపతో దిగింది. జీపు ఆపి అంబదాస్ గారు అడిగారు: "ఏం తవ్వుతున్నావు?"

"లేనిదాన్ని తవ్వుతున్న సారూ."

ఆయన అటూ ఇటూ చూసి, జీపులోంచి మాసిన బట్టల మూట తీసి ఇచ్చారు.

పసుపు సంస్కరణ సభలో వేదికమీది బట్టల్లో ఒక్క మరక లేదు. అన్నీ మల్లెపూలే. వారంపాటు చప్పిడి పప్పు తిన్న జనమే అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. నవ్వుతున్నారా? నవ్వండి. మొన్న మీ ఊరి సభలో మీ చేతులేమన్నా జేబులో ఉన్నాయా?