ఒక పొరపాటు పునఃప్రదర్శన

జరిగిన పొరపాటుకు బాధ్యులెవరో తేల్చడానికి, ఆ పొరపాటును జరిగిన చోటే, జరిగిన తీరులోనే, మరొక్కసారి పద్ధతిగా చేసి చూడాలని పోలీసు శాఖ నిర్ణయించింది. ఇంత చిత్తశుద్ధి ఈ రోజుల్లో ఏ శాఖలో ఉంది చెప్పండి.

పొరపాటు పెద్దదేమీ కాదు. డ్యూటీ గంటలు తగ్గించాలంటూ నర్సులు ఊరేగింపు తీస్తుంటే, ఫొటోలు తీయడానికి వచ్చిన విలేఖరిని కూడా వాళ్లతోపాటు వ్యానెక్కించారు. మెడలో పత్రిక కార్డు ఉంది కదా అని ఎవరో అడిగితే, గాలికి కార్డు తిరగబడిందని, వెనకవైపు ఏమీ రాసి లేదని శాఖ వివరించింది. గాలి మీద చర్య తీసుకునే అధికారం తమకు లేదని వినయంగా మనవి కూడా చేసింది. విలేఖరి రెండు రాత్రులు లాకప్పులో ఉంది. విధులకు అడ్డుపడిందని ఆమె మీద కేసు పెట్టారు. కేసు ఉన్నంతకాలం ఊరు దాటాలంటే స్టేషన్లో అనుమతి తీసుకోవాలి. ఊరు దాటలేని విలేఖరి పత్రికకు బరువే కదా. నెలాఖరులోగా కేసు తేలకపోతే మరొకరిని చూసుకుంటామని ఎడిటర్‌గారు ఎంతో ఆప్యాయంగా చెప్పారు.

"నేనే పట్టుకున్నాను, పొరపాటైంది" అని ఒక్క మనిషి ఒప్పుకుంటే చాలు, కేసు కొట్టేయిస్తానని విచారణాధికారి మాట ఇచ్చాడు. అందుకే ఆమె రెండోసారి అరెస్టు కావడానికి సిద్ధపడింది.

"మొదటిసారంటే వాళ్లు లాక్కుపోయారు. ఈసారి నువ్వే తల దువ్వుకుని బయల్దేరుతున్నావేమిటే?" అంది అమ్మ.

"ఈ దెబ్బతో కేసు పోతుందమ్మా."

"పోయేది కేసో నువ్వో చూసుకో" అంటూనే అమ్మ కూతురి సంచిలో ఒక దుప్పటి కుక్కింది.

అసలు నర్సులు ఆస్పత్రిలో తీరిక లేకుండా ఉన్నందున, వారి పాత్రలను మఫ్టీలో ఉన్న కానిస్టేబుళ్లకు అప్పగించారు. మొదట వాళ్లు సిగ్గుపడ్డారు. చేతికిచ్చిన అట్టలు చూసి "డ్యూటీ గంటలు తగ్గించాలి" అని గొణిగారు. రెండోసారికి గొంతు లేచింది. ఆ ఊపులో ఎవరో "వారానికో సెలవు ఇవ్వాలి" అని అట్ట మీద లేనిది అందుకున్నాడు. మిగతావాళ్లు ఒక్క గొంతుతో "ఇవ్వాలి" అన్నారు. ఇన్‌స్పెక్టర్‌గారికి ఎక్కడో తేడా కొట్టి, యూనిఫాంలో ఉన్నవాళ్లకు సైగ చేశారు. పడ్డ దెబ్బలు మాత్రం నమూనా దెబ్బలు కావు. ఇంత సహజమైన నటన తానెన్నడూ చూడలేదని విచారణాధికారి మెచ్చుకున్నాడు.

ఇక వీధి సంగతి. అసలు ఊరేగింపు రోజున లాఠీ చప్పుడు వినగానే షట్టర్లన్నీ దిగిపోయాయి. ఇది అనుమతి ఉన్న అరెస్టు కాబట్టి ఈసారి ఎవరికీ భయం లేదు. వాచీలు బాగుచేసేవాడు కొట్టు ముందు కుర్చీలు వేయించాడు. బాల్కనీల్లో తండ్రులు పిల్లలను భుజాలకెత్తుకుని మరీ చూపించారు.

విలేఖరి ఆ రోజులాగే పళ్లబండి అంచు మీదికెక్కి కెమెరా ఎత్తింది. వెనకనుంచి ఒక చెయ్యి జబ్బ పట్టి లాగింది. బొటనవేలితో ఎముక మీద నొక్కి మెలితిప్పే ఆ పట్టు ఆమెకు బాగా గుర్తుంది. తిరిగి చూస్తే మనిషీ అతనే, బొద్దుమీసాల హెడ్ కానిస్టేబుల్. భయం కంటే సంతోషమే ఎక్కువ కలిగింది, పాపం.

"ఈయనేనండీ, ఆ రోజు నన్ను లాగింది" అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అక్కడున్న ఖాకీ భుజాలన్నీ ఒక్కసారి కదిలాయి. హెడ్ కానిస్టేబుల్ నేలచూపులు చూశాడు. ఏదో చెప్పబోయాడు కూడా. ఇంతలో ఇన్‌స్పెక్టర్‌గారు గట్టిగా దగ్గారు, అతను నోరు మూసుకున్నాడు.

విచారణాధికారి గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, ఇది నమూనా అరెస్టు. నమూనాలో పట్టుకున్నవాడే అసల్లోనూ పట్టుకున్నాడంటే, నాటకంలో విలన్ వేషం వేసినవాళ్లందర్నీ జైల్లో పెట్టాలి. చట్టానికి సాక్ష్యం కావాలి. ప్రజలే మాకు ప్రభువులు, వారినే అడుగుదాం. అయ్యా, ఆ రోజు ఈ అమ్మాయిని లాగిందెవరో మీలో ఎవరైనా చూశారా?"

ఆమె ఆశగా తల ఎత్తి బాల్కనీల వంక చూసింది.

"నేనా టైముకి మగ్గిన పళ్లు ఏరుకుంటున్నా సార్, తలెత్తలేదు" అన్నాడు బండివాడు. వాచీలవాడు కంటికి భూతద్దం పెట్టుకుని ఉన్నాడట, గడియారం ముల్లు తప్ప ఏమీ కనిపించలేదట. బాల్కనీలవారందరికీ ఆ మధ్యాహ్నం ఒకేసారి కునుకు పట్టిందని తేలింది.

నివేదిక అక్కడికక్కడే చదివారు. ముందే టైపు చేయించి తెచ్చుకున్నారు కనుక ఆలస్యం కాలేదు. జరిగిన అరెస్టు ముమ్మాటికీ పొరపాటేనని శాఖ విశాల హృదయంతో అంగీకరించింది. ఆ అరెస్టు చేసినవారు మాత్రం ఎవరూ లేరు. ఎవరూ అరెస్టు చేయని మనిషిని వదిలిపెట్టే అధికారం ఎవరికీ ఉండదు కాబట్టి, కేసు యథాతథంగా కొనసాగుతుంది. జనం చప్పట్లు కొట్టి ఇళ్లలోకి వెళ్లిపోయారు.

ఆమె మాత్రం అరుగు మీద కూలబడింది. పై వాటాలో ఉండే పెద్దావిడ గ్లాసుతో నీళ్లు తెచ్చి, అటూ ఇటూ చూసి, పక్కన కూర్చుంది.

"నేను చూశానే తల్లీ. వాడే. నిన్నలా ఈడుస్తుంటే రెండు రోజులు నాకు తిండి సయించలేదు."

"మరి ఇందాక చెప్పలేదేం పిన్నిగారూ?"

"కాపురాలు చేసుకునేవాళ్లం, మాకెందుకు చెప్పు ఆ గొడవలు. అది సరేగానీ, మా వీధిలో మురుగుకాలువ పొంగి ఎన్నాళ్లయిందో. ఎవరూ నోరెత్తరు. నీలాంటి ధైర్యం ఉన్నవాళ్లే రాయాలి." లేస్తూ గ్లాసు తీసుకుంది. "మా పేరు మాత్రం వేయకు."

విలేఖరి రాసింది. ఆ పత్రికలో ఆమె రాసిన చివరి వార్త అదే. నెలాఖరుకు ఆమె స్థానంలో మరొకరు వచ్చారు. ఆ కొత్తాయన గోలలు జరిగే చోటికి వెళ్లడు, పోలీసు శాఖ పంపిన ప్రకటనలు అచ్చుతప్పులు లేకుండా వేస్తాడు. కాలువ బాగైంది. ఈ మధ్య పత్రికల్లో నిజం రాసే దమ్మున్నవాళ్లు ఒక్కరూ కనబడడం లేదని ఆ వీధివాళ్లు బాధపడుతుంటారు. మీరూ మొన్న ఎక్కడో ఆ మాటే అన్నారు.