ఆషాఢంలో జ్వరం రాకూడదు

విషజ్వరాలు ప్రబలితే ఊరికి ముందుగా డాక్టరు రావాలని కొందరు వాదిస్తుంటారు. పాపం, అమాయకులు! ముందు రావలసింది కంపెనీ. డాక్టరుదేముంది, వస్తే సూదేసి పోతాడు. కంపెనీ అయితే బ్యానరుతో వస్తుంది.

నవ్వకండి. పదిహేడేళ్ళుగా ఈ జిల్లాలో విలేకరిగా చెప్పులరగదీసినవాణ్ణి. ఎవరో పుణ్యాత్ముడు చాటుగా వెళ్ళి నాలుగు మాత్రలిచ్చి వచ్చాడనుకోండి. మింగినవాడికి జ్వరం తగ్గితే తగ్గవచ్చు. కానీ లోకానికి ఏం తెలిసింది? పేపరుకు ఏం మిగిలింది? నా గతేమిటి?

అందుకే తొంభై మూడో సంవత్సరంలో, మణుగూరు దాటాక అడవిలో ఉన్న రేగులచెలమలో, మహోదయ గ్రానైట్ కంపెనీవారు చేసిన సేవను మీ ముందు పెడుతున్నాను. చేతిరుమాలు దగ్గర ఉంచుకోండి.

ఈ కంపెనీవారు మొదట రాళ్ళు తవ్వారు. తవ్వినచోట గుంతలు పడ్డాయి. గుంతల్లో వాననీళ్ళు నిలిచాయి, నీళ్ళలో దోమలు పుట్టాయి, దోమలు కుట్టి జనానికి జ్వరాలొచ్చాయి. ఇంకొకరైతే ఇక్కడితో చేతులు దులుపుకుని వెళ్ళిపోయేవారు. వీరు అలాంటివారు కాదు. జ్వరమొచ్చినవాళ్ళ కోసం సర్కారు దవాఖానా పక్కనే ఆరు మంచాల వార్డు కట్టించి ఇచ్చారు! మొదటినుంచి చివరిదాకా ఇంత బాధ్యత నెత్తిన వేసుకున్న సంస్థ మీ ఎరుకలో ఇంకొకటి ఉందా?

మామూలు వార్డా అది! ఇనప మంచాలు, పరుపులు, దోమతెరలు, గ్లూకోజు సీసాలు, మలేరియా సూదిమందు. గోడమీద కంపెనీ పేరు ఎంత పెద్దగా రాశారంటే 'దవాఖానా' అన్న మాటకు చోటు మిగల్లేదు. సామానంతా జూన్ నెలాఖరుకే లారీలో దిగింది. గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. కత్తిరించడమే తరువాయి.

కత్తిరించవలసింది జనరల్ మేనేజర్ వెంకటరామారావుగారి భార్య నిర్మలాదేవిగారు. ఆషాఢంలో ఏ శుభకార్యమూ మొదలుపెట్టకూడదని ఆవిడ పట్టు. తప్పేముంది చెప్పండి? ఆషాఢంలో మనం కొత్త కోడల్ని అత్తగారింట ఉంచం, కొత్త ఇంట్లో పాలు పొంగించం. మరి కొత్త వార్డులో జ్వరం ఎలా తగ్గించుకుంటాం? శ్రావణ శుద్ధ పంచమికి ముహూర్తం పెట్టారు. దోమలు మాత్రం పంచాంగం చూసుకోకుండానే పని మొదలుపెట్టేశాయి.

ఇక రేగులచెలమ జనానికి కూడా ఒక పద్ధతి ఉంది. ఏ ఇంట్లోనైనా పెద్ద జబ్బు చేస్తే ఆ గుమ్మానికి అడ్డంగా తాడు కడతారు. లోపల దేవత ఉంది, బయటివాళ్ళు గడప దాటవద్దు అని దాని అర్థం. దేవత వెళ్ళిపోయాక ఊళ్ళో అందరికంటే పెద్దావిడ వచ్చి ఆ తాడు విప్పుతుంది. మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టరు.

అలాంటి జనం జ్వరం మనిషిని నులక మంచంమీద మోసుకొచ్చి, కొత్త వార్డు గుమ్మానికి ఎర్రతాడు చూశారు. దండం పెట్టి నిలబడ్డారు. పాత దవాఖానాలో మందుల్లేవు, డాక్టరు లేడు, ఆ ఉద్యోగం రెండేళ్ళుగా ఖాళీ. ఉన్నదల్లా కాంపౌండరు వెంకటప్పయ్య. ఆయన సత్తుపల్లి వైపు మనిషి, మెత్తనివాడు, ఉద్యోగమంటే ప్రాణం.

"ఇప్పుడు లోపలికి వెళ్ళకూడదయ్యా. శ్రావణమాసంలో రండి" అని చెప్పాడు.

వాళ్ళు అనుకున్నదే ఆయనా అన్నాడు కదా! మంచం ఎత్తుకుని వెనక్కి వెళ్ళిపోయారు. కేకలు లేవు, తోపులాట లేదు. ఇంతటి క్రమశిక్షణ మన ఖమ్మం బస్టాండులో ఒక్కరోజైనా చూశామా? అలా రెండువారాలు వచ్చినవాళ్ళు వచ్చినట్టే తిరిగి వెళ్ళారు. మందు లోపల, రోగి బయట, మధ్యలో రిబ్బను. చక్కగా సాగుతున్న ఆ వ్యవహారాన్ని జంపక్క చెడగొట్టింది.

జంపక్కకు డెబ్భై దాటాయి. కోడలు పుల్లమ్మకు జ్వరం తలకెక్కి, కన్నబిడ్డను కూడా గుర్తుపట్టడం లేదు. కోడలిని మోయించుకొచ్చి గుమ్మం ముందు దింపించి, కాంపౌండరును అడిగింది.

"లోపట ఏ దేవత ఉన్నది బిడ్డా?"

"దేవత ఇంకా రాలేదమ్మా" అన్నాడు వెంకటప్పయ్య. నిర్మలాదేవిగారి సంగతి ముసలమ్మకు ఇంతకంటే ఎలా చెప్పాలో ఆయనకు తోచలేదు. "శ్రావణంలో వస్తారు. కారులో."

"దేవత రాకముందుకే తాడు కట్టిన్రా? గట్ల ఏడ కడ్తరు! మేమైతే వచ్చినంక కడ్తం."

దీనికి జవాబు నాకైతే తట్టలేదు, మీకు తడితే ఒక కార్డు ముక్క రాయండి.

"మా ఊర్ల నాకంటే పెద్దది ఎవ్వరు లేరు. నేనే విప్పుత" అంది జంపక్క. రిబ్బనుకు దండం పెట్టింది. ముడి విప్పి, ఎక్కడా నలగకుండా చుట్టచుట్టి కాంపౌండరు చేతిలో పెట్టింది. "మీ దేవత వస్తే మళ్ల కట్టుకో. గప్పటిదాంక నా కోడలు పండుకుంటది."

ఎంత దారుణం! ఇనాగరేషన్ కాని మంచంమీద రోగి! వెంకటప్పయ్యకు ఉద్యోగం గుర్తొచ్చిందట. అయినా పుల్లమ్మ కళ్ళు తేలేస్తుంటే చూస్తూ ఉండలేకపోయాడు. సూదేశాడు, గ్లూకోజు ఎక్కించాడు. ఐదోనాటికి పుల్లమ్మ లేచి కూర్చుని గంజి తాగింది, బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. ఈ మాట విన్నప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. కంపెనీవారు క్షమించాలి. తాడు లేచిందని తెలిసి తర్వాత వచ్చినవాళ్ళు కూడా కోలుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు.

శ్రావణ శుద్ధ పంచమి వచ్చింది. కాంటెస్సా కారు, వెనక మూడు జీపులు, చివరి జీపులో నేను. రిబ్బను మళ్ళీ కట్టారు. నిర్మలాదేవిగారు కత్తిరించారు, మేమందరం చప్పట్లు కొట్టాం. లోపలికి వెళితే ఏముంది? ఆరు మంచాలున్నాయి, ఒక్క రోగీ లేడు! రోగి లేకుండా ఫొటో ఎలా?

వెంకటప్పయ్య పరుగెత్తుకెళ్ళి, పక్క పొలంలో నాట్లేస్తున్న పుల్లమ్మను బురద కాళ్ళతోనే పిలుచుకొచ్చాడు. ఒక్క నిమిషం మంచంమీద పడుకోమని బతిమాలాడు.

"జరమొచ్చినోల్లను పండనియ్యకపోతిరి, నాట్లేసేదాన్ని పండుమంటరా?" అంది పుల్లమ్మ. ప్రాణం నిలిపినవాడి మాట తీసేయలేక కాళ్ళు బయటికి చాపి పడుకుంది. ఖాళీ గ్లూకోజు గొట్టం తెచ్చి చేతికి ప్లాస్టరుతో అతికించారు.

ఫొటోగ్రాఫరుకు తృప్తి కలగలేదు. "మిగతా మంచాలు బోసిగా ఉన్నాయి సార్" అన్నాడు. ఊరి జనంతో మాట్లాడటం నాకు అలవాటు కదా, చొరవ తీసుకుని నేనే అడిగాను.

"మీ ఊళ్ళో జ్వరమొచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే పిలువమ్మా."

"ఉండె సారూ. భద్రయ్య మామ, ఆయన తమ్ముడు గోపాలు, ఇంక ఇద్దరు. నాకంటే ముందుగాల్నే వచ్చిన్రు. తాడు చూసి మళ్ళిపోయిన్రు."

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"మట్టి జేసినం" అంది పుల్లమ్మ.

ఫొటోగ్రాఫరు కెమెరా సర్దుకుని ఆ ఒక్క మంచాన్నే తీశాడు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. దానికింద వార్త: 'మహోదయ వారి వార్డు ప్రారంభం. రేగులచెలమలో విషజ్వరాలు తగ్గుముఖం. ఆరు మంచాలలో ఐదు ఖాళీ.'

రాసింది నేనే. అందులో ఒక్క అక్షరం అబద్ధముంటే చూపించండి!